మంచం మీదున్న మామయ్యగారు బాప్తిస్మం అడుగుతున్నారు. తల మీద నీళ్ళు పోసి ఇస్తే చెల్లదా?

సీయోను_యాత్రికురాలు
మా మామయ్యగారి విషయం. దేవుడి ఊసెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి. పక్షవాతంతో మంచాన పడ్డాక అత్తయ్య రోజూ పక్కన కూర్చుని లూకా సువార్త చదివేది. వింటూ వింటూ నమ్మారు. ఎవరూ బలవంతపెట్టలేదు. గొంతుకి రంధ్రం పెట్టి ట్రకియాస్టమీ ట్యూబ్ వేశారు కాబట్టి మాట రాదు. ఎడమ పక్క పడిపోయింది గానీ కుడి చెయ్యి బాగానే ఉంది, ఏం కావాలన్నా పలక మీద రాస్తారు. ఈమధ్య రాసింది ఇదీ: "నాకు బాప్తిస్మం ఎప్పుడు?"

మా సంఘంలో ముంచే ఇస్తారు. ట్యూబ్ ఉన్న మనిషిని ముంచితే నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ ఆలోచనే పెట్టుకోవద్దని డాక్టర్ గారు చెప్పేశారు. పాస్టర్ గారినడిగితే "ఆయనకి అక్కర్లేదమ్మా, సిలువ మీద దొంగకి ఎవరిచ్చారు? విశ్వాసం చాలు" అన్నారు. పోనీ తల మీద నీళ్ళు పోసి ఇవ్వండి అంటే పెద్దలు కుదరదన్నారు. అది బాప్తిస్మమే కాదట.

బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ, వాయిదా వెయ్యకూడదు అని అందరికీ చెప్పేవాళ్ళు ఈయన మంచం దగ్గరికొచ్చేసరికి అక్కర్లేదంటారేం? ఆజ్ఞయితే ఈయనకీ ఆజ్ఞే కదా. ఆయనేమో ఆ రాత తుడవనివ్వడం లేదు. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా దాని కిందే రాస్తున్నారు. అత్తయ్య చూసి ఏడుస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పు_వెలుగు
పాస్టర్ గారు అన్నదాంట్లో తప్పేముంది సిస్టర్? లూకా 23:43. దొంగ ఏ నీళ్ళలోనూ దిగకుండానే పరదైసుకి వెళ్ళాడు. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా. మామయ్యగారికి ఆ నిశ్చయత ఇవ్వండి, మనసు కుదుటపడుతుంది.

బెరయ_విద్యార్థి
@ఉప్పు_వెలుగు దొంగ బాప్తిస్మం అడగలేదు. అడిగే వీలూ లేదు. పైగా "బాప్తిస్మమిచ్చి శిష్యులనుగా చెయ్యండి" అన్న మత్తయి 28:19 ఆజ్ఞ పునరుత్థానం తర్వాత వచ్చింది. బాప్తిస్మం అందకుండా పోయినవాళ్ళ ఇంటివాళ్ళకి ఆ దొంగ కథ గొప్ప ఓదార్పే. కళ్ళు తెరుచుకుని, స్పృహలో ఉండి, చేత్తో రాసి అడుగుతున్న మనిషికి అది జవాబు ఎలా అవుతుంది?

యొర్దాను_తీరం
పెద్దల్ని అందరూ తిట్టే ముందు ఒక మాట. రోమా 6:3-4, కొలస్సీ 2:12 చదవండి. బాప్తిస్మంలో క్రీస్తుతో కూడ పాతిపెట్టబడతాం, కూడ లేపబడతాం. పూర్తిగా మునిగితేనే సమాధి, పైకి లేస్తేనే పునరుత్థానం. చెంబెడు నీళ్ళు నెత్తిన పోస్తే అందులో సమాధి ఎక్కడుంది? యోహాను 3:23లో సలీము దగ్గర ఐనోనులో యోహాను బాప్తిస్మం ఎందుకిచ్చాడు? అక్కడ నీళ్ళు విస్తారంగా ఉన్నాయి కాబట్టి. ప్రభువు యొర్దానులోంచి పైకి వచ్చాడు. ఐతియొపీయుడైన నపుంసకుడికి బాప్తిస్మమివ్వడానికి ఫిలిప్పు అతనితో నీళ్ళలోకి దిగాడు.

మామయ్యగారి పరిస్థితికి నాకూ బాధగానే ఉంది. కానీ ప్రభువు నియమించినదాన్ని మన బాధని బట్టి మార్చే అధికారం పెద్దలకి లేదు. ఈరోజు ట్యూబ్ అంటాం, రేపు చలి అంటాం, ఎల్లుండి నీళ్ళంటే భయం అంటాం. ఇవ్వలేనప్పుడు ఇవ్వలేమని చెప్పడమే నిజాయితీ.

గుడిగంట_లూథరన్
అపొ. కార్యములు 8:38లో నపుంసకుడితో పాటు ఫిలిప్పు కూడా దిగాడు బ్రదర్. దిగడమే మునగడం అయితే ఇచ్చినాయన కూడా మునిగినట్టే. ఎడారి దారిలో రథం ఆపి దిగారు. నీళ్ళ లోతు లూకా రాయలేదు. ఫిలిప్పీ చెరసాల అధికారి సంగతి చూడండి, అపొ. కార్యములు 16:33. అర్ధరాత్రి, భూకంపం వచ్చిన రాత్రి, పౌలు సీలల గాయాలు కడిగి అప్పటికప్పుడే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారు. తెల్లారేదాకా నది కోసం ఆగలేదు.

యొర్దాను_తీరం
చెరసాల అధికారి ఇంట్లో పెద్ద తొట్టి లేదని మీకెలా తెలుసు?

గుడిగంట_లూథరన్
ఉందని మీకెలా తెలుసో నాకూ అలాగే.

ఐసీయూ_సిస్టర్
మీ ఇద్దరూ తొట్టి దగ్గర ఆగండి, నేను నర్సుగా చెప్పాల్సింది చెప్పేస్తా. డాక్టర్ గారు నూటికి నూరు శాతం కరెక్ట్. ట్రకియాస్టమీ ఉన్న మనిషి ముక్కుతో, నోటితో కాదు, మెడ దగ్గర రంధ్రంతో ఊపిరి తీసుకుంటాడు. ముక్కు మూసి ముంచితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నీళ్ళకి అడ్డేం ఉండదు, నేరుగా లోపలికే. మెడ చుట్టూ ప్లాస్టిక్ చుట్టి ముంచుదాం అనేవాళ్ళని కూడా చూశాను. దయచేసి వద్దు.

నీళ్ళు పోయడం మాత్రం జాగ్రత్తగా చెయ్యచ్చు. మంచం మీద తలస్నానం చేయిస్తాం కదా, అదే పద్ధతి. వివరంగా కావాలంటే అడగండి అక్కా.

కీర్తన_121
మా చెల్లికి నడుము కింద స్పర్శ లేదు. వీల్‌చైర్‌తో సహా నలుగురు అన్నలు ఎత్తి తొట్టిలోకి దించారు, పాస్టర్ గారు వెనక్కి వంచి ముంచారు. తను ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తుంటే మొహం వెలిగిపోతుంది. వీలైన చోట కష్టపడి ముంచాలి, బద్ధకంతో పోసేయకూడదు. కానీ సిస్టర్ చెప్పిన పరిస్థితి వేరు, ఇక్కడ ప్రాణం పోతుంది.

పాత_చర్మపత్రం
ఈ ప్రశ్న కొత్తది కాదు. సంఘానికి మొదటి శతాబ్దాల్లోనే ఎదురైంది, రాతపూర్వకంగా జవాబులున్నాయి. కొంచెం పొడవు రాస్తాను, ఓపికగా చదవండి.

అపొస్తలుల కాలానికి చాలా దగ్గర్లో, మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో సంఘాల కోసం రాసుకున్న దిదాఖే అనే చిన్న క్రమ పుస్తకం ఉంది. దాని 7వ అధ్యాయం బాప్తిస్మం గురించే. ముందు పారే నీళ్ళలో ఇవ్వమంటుంది. అవి లేకపోతే వేరే నీళ్ళలో, చన్నీళ్ళు కుదరకపోతే వేడినీళ్ళలో. రెండూ సరిపడా లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పొయ్యమంటుంది. అంటే మంచి పద్ధతి ఏదో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. కుదరనప్పుడు "బాప్తిస్మం లేదు పో" అనలేదు.

తర్వాత మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్. అచ్చంగా మామయ్యగారి ప్రశ్నే ఆయన ముందుకొచ్చింది. జబ్బుతో మంచం మీద ఉండి, మునిగి స్నానం చెయ్యకుండా నీళ్ళు పోయించుకున్నవాళ్ళు నిజమైన క్రైస్తవులేనా అని మాగ్నస్ అనే ఆయన అడిగాడు. అలాంటివాళ్ళని కొందరు "మంచం రోగులు" అని ఎగతాళి కూడా చేసేవాళ్ళు. సిప్రియన్ జవాబు సూటిగా ఉంటుంది: మురికి వదలడానికి చేసే స్నానం కాదిది, సబ్బూ తొట్టీ ఎంత అని కొలవడానికి. అవసరం తప్పనిసరైనప్పుడు దేవుడు తన వరాన్ని తగ్గించి ఇవ్వడు. యెహెజ్కేలు 36:25లో శుద్ధ జలం చల్లుతానన్న వాగ్దానాన్ని చూపిస్తాడు.

యొర్దాను_తీరం
@పాత_చర్మపత్రం పూర్తి కథ చెప్పండి. అదే మూడో శతాబ్దంలో రోమ్‌లో నొవేషియన్ అనే ఆయన జబ్బు మంచం మీద నీళ్ళు పోయించుకున్నాడు. తర్వాత ఆయన్ని సేవకుడిగా నియమించబోతే సంఘంలో చాలామంది అడ్డం తిరిగారు. అప్పటి రోమ్ బిషప్ ఉత్తరంలో "దాన్ని పొందడం అనగలిగితే" అన్న అర్థంలో రాశాడు కదా. మరి అనుమానం లేదంటారా? ఇంకోటి, దిదాఖే లేఖనం కాదు.

పాత_చర్మపత్రం
లేఖనం కాదు, ఒప్పుకుంటా. సాక్ష్యం మాత్రమే. నొవేషియన్ సంగతీ నిజమే, ఆ ఉత్తరాన్ని యూసేబియస్ తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. నాలుగో శతాబ్దం మొదట్లో నియోకైసరియ సభ కూడా జబ్బులో బాప్తిస్మం తీసుకున్నవాడిని సంఘపెద్దగా నియమించవద్దంది. కానీ కారణం చూడండి: వాడి విశ్వాసం ఇష్టంతో వచ్చిందా, చావు భయంతో వచ్చిందా తెలియదు అని. తర్వాత వాడు ఆసక్తి చూపిస్తే నియమించచ్చని కూడా అంది. మళ్ళీ ముంచమని మాత్రం అనలేదు. వాళ్ళ అనుమానం మనిషి మనసు మీద, నీళ్ళ కొలత మీద కాదు.

మామయ్యగారేం పెద్దరికానికి నిలబడటం లేదుగా!

దీవెన_తల్లి
మనసు గురించి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. అది నిజంగా ఆయన కోరికేనా? మా నాన్నగారికి జ్ఞాపకశక్తి పూర్తిగా పోయాక అన్నయ్యలు బాప్తిస్మం ఇప్పించారు. ఆయన ఎవరో చేతులు పట్టుకుంటున్నారని గింజుకున్నారు. ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు. వద్దని నేను ఎంత చెప్పినా వినలేదు. ఆయన పోయారు. ఆ దృశ్యం నన్నింకా వదల్లేదు. ఇంటివాళ్ళ తృప్తి కోసం చేసేది బాప్తిస్మం అవుతుందా?

బెరయ_విద్యార్థి
@దీవెన_తల్లి తొలి శతాబ్దాల బోధకుడు అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్నదాంట్లో ఇలాంటిదే ఒకటుంది. ఆయన ఇంకా నమ్మని రోజుల్లో ప్రాణ స్నేహితుడికి జ్వరం ముదిరి స్పృహ పోయింది. ఆ స్థితిలోనే ఇంటివాళ్ళు బాప్తిస్మం ఇప్పించారు. కోలుకున్నాక అగస్టీన్ దాని గురించి హాస్యమాడబోతే, స్నేహితుడు శత్రువుని చూసినట్టు చూసి, నా స్నేహం కావాలంటే ఇంకోసారి అలా మాట్లాడకు అన్నాడట. తర్వాత కొన్నాళ్ళకే మళ్ళీ జ్వరం తిరగబెట్టి చనిపోయాడు.

దీంతో మీ నాన్నగారికి చేసింది సరైనదని నేననను. అడగలేని మనిషికి పట్టి ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. ఆయన మనసులో దేవుడు ఏం చేశాడో మనకి తెలియదు కాబట్టి ఆ భారం మీరు మొయ్యాల్సిన పని లేదు, అంతవరకే చెప్తున్నా.

దీవెన_తల్లి
థాంక్స్ అండి. ఈ సంగతి నాకు తెలియదు.

సీయోను_యాత్రికురాలు
@దీవెన_తల్లి మీ ప్రశ్న సరైనదే అక్కా, నేను బాధపడలేదు. నిన్న నేనే అడిగాను, అత్తయ్య గదిలో లేనప్పుడు. "మామయ్యగారూ, అత్తయ్య కోసమా?" అని. పలక తీసుకుని "కాదు" అని రాసి, కింద గీత గీశారు. తర్వాత చాలాసేపు ఆలోచించి "సుంకరి" అని రాశారు. నాకు వెంటనే తట్టలేదు. అత్తయ్య వచ్చి చూసి లూకా 18 తీసింది. దూరంగా నిలబడి, పాపినైన నన్ను కరుణించమని రొమ్ము కొట్టుకున్న సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు. అవునన్నట్టు తలాడించారు.

మా పెద్దల్లో ఒకాయన ఇంకో అభ్యంతరం చెప్తున్నారు. రోమా 10:9 ప్రకారం నోటితో ఒప్పుకోవాలి కదా, మాట రాకపోతే ఎలా అని.

సంఘపెద్ద_కొడుకు
ఆ అభ్యంతరం నిలవదు. మా తమ్ముడు పుట్టు మూగ, చెవుడు. సైగలతో సాక్ష్యం చెప్పాడు. మా నాన్న సంఘపెద్ద, చాలా పట్టింపు మనిషి. ఆయనే ముందు నిలబడి ఆ సైగలన్నీ సంఘానికి మాటల్లో చెప్పారు. బాప్తిస్మం ఇచ్చాక ఏ ఒక్కరూ వీడు ఒప్పుకోలేదు అనలేదు.

కీర్తన_121
లూకా సువార్తే చదువుతున్నారన్నారు కదా. 1:63 చూడండి! జెకర్యాకి మాట పోతే రాసే పలక తెమ్మని "వాని పేరు యోహాను" అని రాశాడు. ఎవరి పేరది? బాప్తిస్మమిచ్చు యోహాను పేరు. పలక మీద రాసింది దేవుడి దగ్గర చెల్లింది.

సీయోను_యాత్రికురాలు
@కీర్తన_121 అత్తయ్యకి చదివి వినిపించాను. మొదటి అధ్యాయం మళ్ళీ మొదలుపెట్టింది.

రక్షణ_సైనికుడు
నేను సాల్వేషన్ ఆర్మీలో పెరిగినవాణ్ణి. 1883 నుంచి మా దగ్గర నీటి బాప్తిస్మమే లేదు, ప్రభువు బల్ల కూడా లేదు. క్వేకర్లు అనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళు అంతకన్నా చాలా ముందు నుంచీ అంతే. తక్కువ భక్తితో కాదు. ఆచారం మీద ఆనుకుని లోపలి మార్పుని మర్చిపోతారేమో అన్న భయంతో. మా నానమ్మ ఒక్క చుక్క నీరు పడకుండా జీవితమంతా పేదలకి సేవ చేసి, ప్రభువుని స్తుతిస్తూ వెళ్ళిపోయింది. ఆవిడ రక్షణని ఎవరైనా ప్రశ్నిస్తే నేను ఊరుకోను. పౌలు కూడా 1 కొరింథీ 1:17లో క్రీస్తు నన్ను బాప్తిస్మమివ్వడానికి పంపలేదన్నాడు. ఆత్మ బాప్తిస్మం అసలైనది. మామయ్యగారికి అది అందిందని ఆ "సుంకరి" అన్న మాటే చెప్తోంది.

బెరయ_విద్యార్థి
మీ నానమ్మగారి గురించి ఇక్కడెవరూ ఒక్క మాట అనరు. కానీ పౌలు ఆ మాట అన్న సందర్భం వేరు. నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి అని కొరింథులో ముఠాలు కట్టారు. నా పేరు మీద ముఠా కట్టకుండా ఎక్కువమందికి నేను ఇవ్వలేదు, మంచిదైంది అంటున్నాడు. అక్కడే క్రిస్పుకి, గాయికి, స్తెఫను ఇంటివాళ్ళకి ఇచ్చానని కూడా ఒప్పుకున్నాడు.

ఇక ఆత్మ వచ్చాక నీళ్ళెందుకు అన్నదానికి రోమా సైనికాధికారి కొర్నేలి ఇల్లే జవాబు. అపొ. కార్యములు 10లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే వాళ్ళ మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. పేతురు "సరే, అసలైనది వచ్చేసింది, ఇక నీళ్ళక్కర్లేదు" అనలేదు. మనలాగే ఆత్మ పొందినవాళ్ళకి నీళ్ళెవరు అడ్డగించగలరు అన్నాడు. నాకైతే ఈ థ్రెడ్ మొత్తానికి ఆ వచనమే సరిపోతుంది. విశ్వాసం చాలు కాబట్టి నీళ్ళు అక్కర్లేదనేది పేతురు లెక్క కాదు. విశ్వాసం ఉంది కాబట్టి నీళ్ళు ఆపకూడదు, అదీ ఆయన లెక్క.

ఉప్పు_వెలుగు
కొర్నేలి సంగతి బావుంది. అయినా రక్షణకి నీళ్ళు షరతు కాదనే అంటాను. ఇవ్వద్దని మాత్రం అనను.

ఏకనామం_238
అసలు తండ్రి కుమార పరిశుద్ధాత్మ అని పోస్తే ఏం లాభం? అపొ. కార్యములు 2:38 ప్రకారం యేసుక్రీస్తు నామంలో

మోడరేటర్
ఆ చర్చకి వేరే థ్రెడ్ ఉంది. మిగతా భాగం అక్కడికి మార్చాను. ఇక్కడ మామయ్యగారి విషయం మాత్రమే.

మరియాంబ_మనవరాలు
మా కతోలికుల్లో దీనికి దారి స్పష్టంగా ఉంది. ప్రాణాపాయం ఉంటే గురువే ఇవ్వాలని లేదు. సంఘం ఉద్దేశించేదే తనూ ఉద్దేశించి, నీళ్ళు పోస్తూ త్రిత్వ నామం పలికితే ఎవరైనా జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇవ్వచ్చు. 1983 చర్చి చట్టంలో 861వ నియమం. నీళ్ళు నిజంగా చర్మానికి తగిలి పారాలి, అంతే. ఎంత అన్న లెక్క లేదు.

అలాగని మాటలు ఇష్టమొచ్చినట్టు మార్చడానికీ లేదు. "నేను" అనాల్సిన చోట "మేము నీకు బాప్తిస్మమిస్తున్నాము" అంటే చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ చెప్పింది. అది చదివి ఒక యువ ఫాదర్ గారు తన పసితనపు వీడియో పెట్టి చూసుకుంటే అందులో "మేము" అని వినపడింది. పాపం ఆయనకి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం అన్నీ మళ్ళీ మొదటినుంచి ఇవ్వాల్సొచ్చింది. ఇచ్చేది మనుషుల గుంపు కాదు, ఇచ్చేవాడి ద్వారా క్రీస్తే ఇస్తాడు అన్నది దాని వెనక ఉన్న నమ్మకం.

ఐసీయూ_సిస్టర్
@మరియాంబ_మనవరాలు మీరు చెప్పింది నేను స్వయంగా చేశాను. నైట్ డ్యూటీలో ఒక పసిగుడ్డు, నెలలు నిండకుండా పుట్టింది, అరచేతిలో పట్టేంత. నిలవదని తెలిసిపోయింది. వాళ్ళు కతోలికులు, ఫాదర్ గారు దారిలో ఉన్నారు, సమయానికి చేరుకోలేరు. తల్లి నా చెయ్యి పట్టుకుని నువ్వు ఇవ్వమ్మా అంది. మాది పసిపిల్లలకి ఇవ్వని సంఘం. ఆ క్షణంలో నాకు అవేవీ గుర్తురాలేదు. సూది తీసేసిన సిరంజితో స్టెరైల్ వాటర్ తీసి, నుదుటి మీద మూడు చుక్కలు, ఒక్కో నామానికి ఒక్కటి. పేరు అప్పటికప్పుడు తల్లి చెప్పింది. ఫాదర్ గారు వచ్చి సరిగ్గానే ఇచ్చావన్నారు.

మా సంఘంలో ఇది చెప్తే కొందరు మొహం తిప్పుకున్నారు. నేను మాత్రం మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను.

యొర్దాను_తీరం
సిస్టర్, ఆ తల్లిని ఓదార్చిన మీ ప్రేమకి చేతులెత్తి దణ్ణం పెడతా. దాన్ని బాప్తిస్మం అని మాత్రం నేను అనలేను. నమ్మినవాడికే బాప్తిస్మం. ఈ మాట కోసం మన పూర్వీకులు ప్రాణాలిచ్చారు. 1527లో ఫెలిక్స్ మాంజ్‌ని జ్యూరిక్‌లో నదిలో ముంచి చంపారు, పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడని.

పాత_చర్మపత్రం
మాంజ్ పేరు ఎత్తారు కాబట్టి ఆయన బృందం గురించి మిగతాదీ చెప్తాను. 1525 జనవరి 21న జ్యూరిక్‌లో ఒక ఇంట్లో వాళ్ళు చేరారు. జార్జ్ బ్లౌరాక్ లేచి నాకు నిజమైన బాప్తిస్మం ఇవ్వమని అడిగాడు, కాన్రాడ్ గ్రెబెల్ ఇచ్చాడు. నమ్మినవాడికే బాప్తిస్మం అన్న ఉద్యమం మొదలైంది ఆ రాత్రే. ఇంట్లో, నీళ్ళు పోసి. ముంచడం వాళ్ళలో తర్వాత వచ్చింది. ఇంగ్లీషు బాప్టిస్టుల్లో మొదటివాడు జాన్ స్మిత్ 1609లో తీసుకుందీ పోసుకునే. ముంచాలని వాళ్ళు విశ్వాస ప్రకటనలో రాసుకున్నది 1644లో.

నమ్మినవాడికే అన్న మాట కోసం మాంజ్ చనిపోయాడు. ఎన్ని నీళ్ళు అన్నదాని కోసం కాదు. మామయ్యగారు నమ్మి అడుగుతున్నారు. మాంజ్ ఆయన మంచం పక్కనుంటే ఏం చేసేవాడంటారు?

యొర్దాను_తీరం
తర్వాత మారారు అంటే లేఖనం ఇంకా స్పష్టంగా అర్థమై మారారు. నా మాట అదే. కానీ మీ చివరి ప్రశ్న గురించి ఆలోచిస్తాను.

గుడిగంట_లూథరన్
నాకొకటి అనిపిస్తోంది. మీ సంఘంలో బాప్తిస్మాన్ని మనం దేవుడి ముందూ మనుషుల ముందూ ఇచ్చే సాక్ష్యంగా చూస్తారు. అందుకే సరిగ్గా చెయ్యలేకపోతే సాక్ష్యం సరిగ్గా ఇవ్వలేదనిపిస్తుంది. మా దగ్గర అది ముందు దేవుడు చేసే పని. తీతు 3:5, గలతీ 3:27. క్రీస్తుని తొడుగుకోవడం. ఎవరికి వాళ్ళు ఇచ్చుకోరు, ఇంకొకరి చేతుల మీదుగా పుచ్చుకుంటారు. లూథర్ 1529లో రాసిన పెద్ద ప్రశ్నోత్తరిలో పాపాలు, మనస్సాక్షి నలగ్గొట్టినప్పుడు "అయినా నేను బాప్తిస్మం పొందాను" అని చెప్పుకోమంటాడు. నేను బాగా నమ్మాను, నేను బాగా మునిగాను అనడు.

మామయ్యగారు ఇప్పుడు స్నానం, తిండి, పక్కకి తిరగడం అన్నీ ఇంకొకరి చేతుల మీదే. పుచ్చుకోవడం ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు? రాత్రుళ్ళు నిద్ర పట్టనప్పుడు చెప్పుకోడానికి ఆయనకీ ఆ ఒక్క వాక్యం ఉండనివ్వండి.

రక్షణ_సైనికుడు
ఈ పోస్టు నాక్కూడా తగిలింది.

సీయోను_యాత్రికురాలు
ఈ థ్రెడ్ అంతా పాస్టర్ గారికి పంపాను. నిన్న సాయంత్రం ఇద్దరు పెద్దలతో ఇంటికొచ్చారు. మామయ్యగారు పలక తిప్పి చూపించారు. పాస్టర్ గారు అది చదివి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా ప్రశ్నలడిగారు. యేసు ఎవరు, ఎందుకు చనిపోయాడు, లేచాడని నమ్ముతున్నారా. ఒక్కోదానికి రాసి జవాబిచ్చారు. చివరికి పాస్టర్ గారు "నేనే పోస్తాను" అన్నారు. కొర్నేలి వచనం ఆయనే ఎత్తారు.

ఒక పెద్దాయన ఒప్పుకున్నారు. ఇంకో ఆయన "నేనైతే ఇవ్వను, నా మనస్సాక్షి ఒప్పదు, కానీ ఆ రోజు వచ్చి మంచం పక్కన నిలబడతాను" అన్నారు. నాకు అదీ గౌరవంగానే అనిపించింది. ఎప్పటికైనా ట్యూబ్ తీసేసి కోలుకుంటే ముంచి ఇవ్వాలా అన్నది వాళ్ళింకా తేల్చుకోలేదు.

గుడిగంట_లూథరన్
అది మాత్రం వద్దమ్మా. ఎఫెసీ 4:5, బాప్తిస్మం ఒక్కటే. ఇచ్చాక మళ్ళీ ఇస్తే మొదటిది ఉత్తుత్తిది అన్నట్టు. ఇప్పుడే ఆ మాట తేల్చుకోమనండి.

సంఘపెద్ద_కొడుకు
నిజం. ఆయన ముందు "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" లాంటి మాటలు ఎవరూ అనకుండా చూసుకోండి. మంచం మీదున్నవాళ్ళు అన్నీ వింటారు.

ఐసీయూ_సిస్టర్
చాలా సంతోషం అక్కా! ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ముందు ఇదంతా డాక్టర్ గారికి చూపించి సరేననిపించుకోండి.

ఆయన్ని పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకండి, తలవైపు మంచం ఎత్తుగానే ఉండాలి. ఆహారం ఇచ్చిన వెంటనే కాకుండా కనీసం గంట తర్వాత పెట్టుకోండి. మెడ చుట్టూ టవల్ మందంగా చుట్టండి, కానీ ట్యూబ్ మూతికి అడ్డం పడకూడదు. తల కింద వాటర్‌ప్రూఫ్ షీట్, వెనక బేసిన్. నీళ్ళు నుదుటి మీద కాదు, నడినెత్తి మీద నుంచి వెనక్కి జారేలా కొద్దికొద్దిగా. చిన్న గ్లాసు చాలు. గోరువెచ్చగా ఉండాలి, చన్నీళ్ళకి ఉలిక్కిపడితే దగ్గొస్తుంది. కఫం లాగే సక్షన్ మెషిన్ ఆన్ చేసి పక్కనే, వాడటం తెలిసినవాళ్ళు పక్కనే.

ఇంకోటి. మాట కోసం స్పీకింగ్ వాల్వ్ అని ఒకటుంటుంది, ఆయనకి సరిపోతుందేమో డాక్టర్ గారిని అడగండి. సరిపోతే ఆమేన్ ఆయన నోటితోనే అనచ్చు. సొంతంగా మాత్రం ప్రయత్నించకండి. ట్యూబ్ చుట్టూ బుడగలా ఉండే కఫ్‌లో గాలి పూర్తిగా తియ్యకుండా ఆ వాల్వ్ పెడితే ఊపిరి బయటికి పోదు, ప్రాణం మీదికొస్తుంది.

సీయోను_యాత్రికురాలు
అన్నీ రాసుకున్నాను సిస్టర్. డాక్టర్ గారినీ అడుగుతాను. శనివారం పొద్దున పెట్టుకుందామన్నారు పాస్టర్ గారు.

యొర్దాను_తీరం
నా అభిప్రాయం మారలేదు, మారినట్టు నటించను. కానీ మీ రెండో పెద్దాయన చెప్పినట్టే నేనూ. శనివారం ఆ సమయానికి మామయ్యగారి కోసం మోకాళ్ళ మీదుంటాను. పేరు చెప్పక్కర్లేదు, ప్రభువుకి తెలుసు.

దీవెన_తల్లి
నేను కూడా.

సీయోను_యాత్రికురాలు
అందరికీ చాలా కృతజ్ఞతలు. చిన్న సందేహం. మా సంఘం బాప్తిస్మ రిజిస్టర్‌లో "ముంచి ఇచ్చిన స్థలం" అని ఒక గడి ఉంటుందట. అక్కడ ఏం రాయాలని పాస్టర్ గారు అడుగుతున్నారు.

సంఘపెద్ద_కొడుకు
"ముంచి" అన్నది కొట్టేసి స్థలం దగ్గర "ఇంటి వద్ద" అని రాసి, పక్కన పాస్టర్ గారు, సాక్షులు ఇద్దరు సంతకం పెట్టమనండి. తర్వాత ఎవరూ అడగడానికి ఉండదు. మామయ్యగారి సంతకం కూడా పెట్టించండి, కుడి చెయ్యి పనిచేస్తుందన్నారుగా.